టేకు దర్వాజలు, కిటికీ ఫ్రేములు: సాండింగ్ మిషన్ పెట్టాలా, చేత్తోనే రుద్దాలా?

తార్నాక_పాతిల్లు
అందరికీ నమస్కారం. మాది తార్నాకలో మా మామయ్యగారు 1984లో కట్టించిన ఇల్లు. పైన కొత్తగా వేసిన గదుల్లోకి దసరాలోపు మారాలనుకుంటున్నాం. ఎలాగూ పనివాళ్లు వస్తున్నారు కదా అని కింద కూడా రంగులు వేయిద్దామనుకున్నాం. గోడల సంగతి మేస్త్రీ చూసుకుంటాడు. నా బెంగంతా చెక్క పని గురించే.

పైన కొత్త టేకు ఫ్రేములు, చుట్టూ బీడింగ్ (సన్న చెక్క పట్టీలు). గులాబి రంగు వుడ్ ప్రైమర్ ఒక కోటు వేశారు. చెయ్యి పెడితే గరగరలాడుతోంది.

కింద ఉన్నది పాత టేకు. పైకి కనిపించేది చాక్లెట్ రంగు ఎనామెల్. పెచ్చు లేచిన చోట దాని కింద క్రీమ్, ఇంకా కింద ఆకుపచ్చ కనిపిస్తున్నాయి. అక్కడక్కడ పాత రంగు కారి గడ్డకట్టిన చారలు కూడా ఉన్నాయి. బట్టలుతికే బండ పక్కన కిటికీ అయితే ఎండకూ వానకూ పొలుసులుగా ఊడిపోతోంది.

"ఎమరీ పేపర్‌తో రుద్ది కోటింగ్ కొట్టేస్తాం మేడమ్" అంటున్నాడు మేస్త్రీ. మావారేమో సాండింగ్ మిషన్ కొందామంటున్నారు. ఏ మిషన్ తీసుకోవాలి? ఏ నంబర్ పేపర్ వాడాలి? ప్రైమర్ మీద అసలు మిషన్ పెట్టొచ్చా? ఇంట్లో రెండేళ్ల బాబు ఉన్నాడు, దుమ్ము సంగతి కూడా చెప్పండి.

సండే_వడ్రంగి
నమస్తే అండి. మిషన్ అనగానే దుకాణంలో రకరకాలు ముందు పెడతారు. ముందు అది తేల్చుకుందాం.

మన ఊళ్లో పనివాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించేది యాంగిల్ గ్రైండర్‌కి బిగించిన ఫ్లాప్ డిస్క్ (ఎమరీ ముక్కలు అతికించిన చక్రం). ఇనుప గేటుకి బాగానే ఉంటుంది, దర్వాజ దగ్గరికి మాత్రం రానివ్వకండి. నిమిషానికి 10,000కు పైగా తిరిగే డిస్క్ టేకు మీద ఒక్క క్షణం ఆగినా గుంట పడుతుంది. ఆ గుంటను లప్పంతో పూడ్చినా పక్క నుంచి వెలుతురు పడితే తెలిసిపోతుంది. బెల్ట్ సాండర్ పెద్ద పెద్ద పలకలకు, టేబుళ్లకు. నిలబడి ఉన్న ఫ్రేముకు అది బరువెక్కువ, దూకుడెక్కువ.

మీకు పనికొచ్చేవి రెండే. ఒకటి ఆర్బిటల్ షీట్ సాండర్. దీని ప్యాడ్ చతురస్రంగా ఉంటుంది. మామూలు ఎమరీ షీటును నాలుగు ముక్కలు చేసి క్లిప్పులకు బిగించుకోవచ్చు, మూలల దాకా పోతుంది, ధర కూడా తక్కువ. రెండోది రాండమ్ ఆర్బిట్ సాండర్, 125 మిల్లీమీటర్ల గుండ్రటి ప్యాడ్. ఇది చిన్న చిన్న సున్నాలు చుడుతూనే తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది కాబట్టి గీతలు ఒకదాని మీద ఒకటి పడవు. తలుపు రెక్కలకు, వెడల్పున్న ఫ్రేములకు నా ఓటు దీనికే.

స్పీడ్ తగ్గించుకునే చక్రం ఉన్న మోడలే తీసుకోండి. బాష్ జీఈఎక్స్ 125-1 ఏఈకి అది ఉంది (250 వాట్లు, నిమిషానికి 7,500 నుంచి 12,000 దాకా మార్చుకోవచ్చు). మకీటాలో బీఓ5030కి ఒకటే స్పీడ్, బీఓ5031కి మార్చుకునే వీలుంది. రంగు మీద పనిచేసేటప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం. ఎక్కువ స్పీడులో వేడి పుట్టి ఎనామెల్ మెత్తబడుతుంది, పేపర్ నిండా ముద్దలు కడుతుంది. రాణిగంజ్‌లో మిషన్ చేత్తో పట్టుకుని, ఆన్ చేసి చూసి కొనండి.

రంగుల_మేస్త్రీ_ఉప్పల్
మేడమ్, ఈ పని మీదే బతుకుతున్నవాణ్ని, చెప్పింది కాస్త వినండి. పైన ఉన్న కొత్త ప్రైమర్ పని వేరు, కింద ఉన్న పాత ఎనామెల్ పని వేరు. రెండిటికీ ఒకే మందు లేదు.

కొత్త ప్రైమర్ గరగరలాడడం తప్పేమీ కాదు. తడి తగలగానే చెక్క మీది సన్న పీచు లేచి నిలబడుతుంది, ప్రైమర్ దాన్ని అలాగే పట్టేసి ఆరుతుంది. గాలిలో దుమ్ము కూడా కొంచెం అంటుకుంటుంది. ఆ పీచును తుంచడమే మన పని. 220 నంబర్ పేపర్ (నంబర్ పెరిగే కొద్దీ పేపర్ సన్నం) తీసుకుని, చెక్క చార ఎటు ఉంటే అటు, అరచేతి బరువుతో రెండుసార్లు పోనిస్తే చాలు. ప్రైమర్ వేసింది ఉండడానికి, ఊడగొట్టడానికి కాదు. బీడింగ్ అంచు మీద మిషన్ పెడితే కన్ను మూసి తెరిచేలోపు పచ్చి చెక్క బయటపడుతుంది. అక్కడ ఎనామెల్ ఎన్ని కోట్లు వేసినా తాగేసి మచ్చ చూపిస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. వానాకాలం కదా, ప్రైమర్ ఆరిందో లేదో చూడకుండా రుద్దొద్దు. పేపర్ రెండుసార్లు లాగి చూడండి. ముఖానికి రాసుకునే పౌడర్‌లా మెత్తగా రాలితే ఆరినట్టు. పేపర్ మీద చిన్న చిన్న ఉండలు కడితే ఇంకా పచ్చిగా ఉన్నట్టు, ఆ రోజుకి వదిలేయండి. డబ్బా మీద రాసిన గంటలు ఎండాకాలానికి సరిపోతాయి. ముసురు పట్టినప్పుడు దానికి రెట్టింపు పట్టినా తొందరపడకండి.

సండే_వడ్రంగి
మేస్త్రీ అన్నా, బీడింగ్, అంచులు చేత్తోనే చేయాలి. ఆ మాట ఒప్పుకుంటా. తలుపు రెక్క మొత్తం చేత్తో అంటే మాత్రం ఒప్పుకోను. వేళ్లు ఎక్కడ నొక్కితే అక్కడ లోతు పడుతుంది, అలలు అలలుగా వస్తుంది. చదునైన చోట మిషన్‌కి 220 లేదా 240 పేపర్ పెట్టి, స్పీడ్ బాగా తగ్గించి, ఒక్కసారి పోనిస్తే చెయ్యి ఎప్పటికీ ఇవ్వలేనంత సమంగా వస్తుంది. అంచుకు అర అంగుళం ముందే ఆపేయాలి. మిగిలింది స్పాంజ్ పేపర్‌తో చేత్తో లాగాలి.

మిషన్‌ను నొక్కొద్దు, ఇది మాత్రం రాసిపెట్టుకోండి. నొక్కితే ప్యాడ్ తిరగడం ఆగి, ఒకేచోట సున్నాలు చుట్టడం మొదలెడుతుంది. అప్పుడే పంది తోక గుర్తులు (సుడి తిరిగిన సన్న గీతలు) పడతాయి. ప్రైమర్ మీద కనబడవు, గ్లాస్ (మెరిసే) ఎనామెల్ వేశాక ట్యూబ్‌లైట్ కింద ఒక్కొక్కటీ బయటపడతాయి. మిషన్ బరువు మిషన్‌దే, చెయ్యి దారి చూపిస్తే చాలు.

రంగుల_మేస్త్రీ_ఉప్పల్
అలా చేసేవాళ్లైతే నాకు అభ్యంతరం లేదు తమ్ముడూ. కుర్రాళ్ల చేతికిస్తే అర అంగుళం ముందు ఎవరూ ఆపరు, అదే నా భయం.

ల్యాబ్_కోటు
కింది అంతస్తులో మిషన్ ఆన్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. 1984 ఇల్లు, అడుగున ఆకుపచ్చ ఎనామెల్, ఇంట్లో రెండేళ్ల బాబు. ఈ మూడూ ఒకేచోట ఉన్నాయంటే ముందు మాట్లాడాల్సింది పేపర్ నంబర్ గురించి కాదు, సీసం గురించి.

పాత ఎనామెల్ రంగుల్లో సీసం మామూలుగా ఉండేది. పసుపు, నారింజ, ఎరుపు రంగులకు లెడ్ క్రోమేట్ (లెడ్ అంటే సీసమే) వాడేవారు. ఆ పసుపులోనే నీలం కలిపి ఆకుపచ్చ తయారుచేసేవారు. రంగు త్వరగా ఆరడానికి కలిపే డ్రయర్లలో కూడా సీసం ఉండేది. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నియమాలు 2016లో వచ్చాయి, అమలైంది 2017 నవంబర్ 1 నుంచి. కాబట్టి అంతకుముందు వేసిన ఏ పొరనైనా, పరీక్ష చేయించేదాకా అనుమానించాల్సిందే.

గట్టిగా అంటుకుని ఉన్న రంగు తనంతట తాను పెద్దగా హాని చేయదు. దాన్ని పొడి చేసి గాల్లోకి లేపడమే ప్రమాదం, పవర్ సాండర్ చేసేది సరిగ్గా అదే. మిషన్ వెనకాల ఉండే సంచి పెద్ద రవ్వల్ని పట్టుకుంటుంది, సన్నటి దుమ్ము అందులోంచి బయటికొచ్చి నేల మీద, కిటికీ గట్టు మీద, పక్కబట్టల మీద పడుతుంది. పాకే పిల్లలు, చెయ్యి నోట్లో పెట్టుకునే పిల్లలు దాన్ని మింగుతారు. ఒకే మోతాదు సీసం పొట్టలోకి పోతే పెద్దవాళ్ల కన్నా పిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పైన కొత్త ప్రైమర్‌తో ఈ సమస్య లేదు. అక్కడ మామూలు మాస్కు, కిటికీలు తెరిచి పెట్టుకోవడం చాలు.

తార్నాక_పాతిల్లు
ఇది చదివాక నిజంగా టెన్షన్ పట్టుకుంది. మా అత్తయ్యగారికి చదివి వినిపిస్తే "మీ ఆయన, మీ ఆడపడుచు ఈ ఇంట్లోనే పెరిగారు కదమ్మా, వాళ్లకేమైంది" అన్నారు. ఆమె మాటకి ఏం జవాబు చెప్పాలో తోచలేదు. సీసం ఉందో లేదో తెలుసుకునేదెలా? ఉంటే ఆ దర్వాజలను ఏం చేయాలి, పీకేయాలా?

ల్యాబ్_కోటు
పీకేయక్కర్లేదు. భయపడకండి, నిదానంగా చేద్దాం.

అత్తయ్యగారి మాటలో సగం నిజం ఉంది. వాళ్లు పెరిగినప్పుడు ఆ రంగు చెక్కకు అంటుకునే ఉంది, ఎవరూ దాన్ని దుమ్ము చేయలేదు. అదీగాక, సీసం తక్కువ మోతాదులో చేసే నష్టం జ్వరంలా పైకి కనిపించదు. పిల్లల ఏకాగ్రత మీద, చదువు మీద పడుతుంది. ఇంతవరకైతే ఫర్వాలేదు అనే హద్దు దీనికి లేదు. రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ మనశ్శాంతి కోసం పిల్లల డాక్టర్‌ని అడిగి బాబుకి ఆ రక్తపరీక్ష చేయించండి.

రంగు పరీక్షకి: పెచ్చు లేచిన చోట, చెక్క దాకా ఉన్న అన్ని పొరలూ వచ్చేలా బ్లేడుతో చిన్న ముక్క తీయండి. పైపొర ఒక్కటే తీస్తే కింద ఉన్న ఆకుపచ్చ సంగతి తెలియదు. తీసేముందు ఆ చోట నీళ్లు చిలకరించండి. జిప్ కవర్లో వేసి ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లను పరిశీలించి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి ఇచ్చి, మొత్తం సీసం ఎంతుందో పీపీఎంలలో కావాలని అడగండి. తుడిస్తే రంగు మారే కిట్ల మీద ఆధారపడొద్దు, కింది పొరల్లో ఉన్నదాన్ని అవి పట్టలేకపోవచ్చు.

సీసం ఉందని తేలితే, గట్టిగా ఉన్న చోట రంగును ఊడగొట్టే ఆలోచన మానుకోండి. సబ్బునీళ్లతో జిడ్డు కడిగి, వాటర్ పేపర్‌ను తడిపి చేత్తో పై మెరుపు మాత్రం చంపి, ప్రైమర్ వేసి, కొత్త రంగు వేసేయండి. పాతది లోపల మూసుకుపోతుంది. తడి పని ఎప్పుడూ చేత్తోనే. కరెంటు మిషన్‌ని నీళ్ల దగ్గరికి తేవద్దు, షాక్ కొడుతుంది. హీట్ గన్‌తో కాల్చి గీకడం కూడా వద్దు. వేడి ఎక్కువైతే సీసం పొగగా మారి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పని జరిగే గది గుమ్మానికి ప్లాస్టిక్ షీటు కట్టండి, నేల మీద కూడా పరవండి. చీపురుతో ఊడ్చొద్దు, తడిగుడ్డతో తుడవండి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు, సన్న దుమ్మును వెనక నుంచి మళ్లీ గదిలోకే ఊదుతుంది. సన్న దుమ్మును కూడా ఆపే హెపా ఫిల్టర్ ఉన్నదైతే సరే. చేసేవాళ్లకు సన్న దుమ్మును ఆపే పీ100 రకం ఫిల్టర్లు బిగించే రబ్బరు మాస్కు కావాలి, ముక్కుకు కట్టిన రుమాలు దేనికీ పనికిరాదు. ఆ రోజులన్నీ బాబు అమ్మమ్మగారింట్లో ఉంటే మంచిది.

రంగుల_మేస్త్రీ_ఉప్పల్
ఈ పనిలో ఇన్నేళ్లుగా ఉన్నా, ఇది మాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు సార్. ఇంటివాళ్లకు నాలుగు రోజుల దుమ్ము, మా కుర్రాళ్లకు ఏడాది పొడుగునా అదే దుమ్ము. రుద్దిన చేతులతోనే టీ తాగుతారు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతారు. సాయంత్రం అదే చొక్కాతో ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకుంటారు. ఈ వారం నుంచి సబ్బు, వేరే జత బట్టలు పని దగ్గరే పెట్టమన్నాను.

తడిపి రుద్దడం మాకు కొత్త కాదు. కార్లకు చేసేది అదే, పాత రోజుల్లో తలుపులకూ చేసేవాళ్లం. బకెట్లో నీళ్లు, రెండు చుక్కలు సబ్బు. 180 వాటర్ పేపర్‌ను చెక్క ముక్కకు చుట్టి రుద్దాలి. పేపర్ మీద రంగు చిక్కటి బురదలా దిగుతుంది, దాన్ని గుడ్డతో తుడిచి గుడ్డను కవర్లో కట్టేయాలి. ఆ నీళ్లు మొక్కల్లో పోయొద్దు. పచ్చి చెక్క బయటపడిన చోట మాత్రం నీళ్లు పోనివ్వొద్దు, చెక్క పొంగుతుంది.

మేడమ్, ఇలా చేస్తే మీ మేస్త్రీ కూలీ ఎక్కువ అడుగుతాడు. అడిగితే ఇవ్వండి, రోజులు ఎక్కువ పడతాయి.

చిక్కడపల్లి_మూడో_అంతస్తు
మధ్యలో వస్తున్నా, క్షమించండి. మా ఫ్లాట్ తలుపులకు ముందున్నవాళ్లు వేసింది వాటర్ బేస్ రంగో, ఆయిల్ ఎనామెలో తెలియట్లేదు. రుద్దితే రబ్బరులా చుట్టుకుంటోంది.

సండే_వడ్రంగి
మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ కొని, దూది తడిపి ఒక మూల గట్టిగా రుద్దండి. దూదికి రంగు అంటితే వాటర్ బేస్, అంటకపోతే ఆయిల్ ఎనామెల్. మీరు చెప్పినదాన్ని బట్టి వాటర్ బేస్‌దే అనిపిస్తోంది. దాని మీద మిషన్ వేడికి అలాగే చుట్టుకుంటుంది. పేపర్ మార్చి, స్పీడ్ తగ్గించి చూడండి. అయినా చుట్టుకుంటుంటే ఆ రంగు కిందనున్న ఆయిల్ ఎనామెల్‌ని పట్టలేదన్నమాట. పుట్టీ బ్లేడు పెడితే పొరలు పొరలుగా వచ్చేస్తుంది, రుద్దే పనే ఉండదు. కింద బయటపడే ఎనామెల్ పాతదైతే మాత్రం ల్యాబ్‌కోటు గారు చెప్పింది చదవకుండా పేపర్ పట్టుకోకండి.

పద్మారావునగర్_అమ్మమ్మ
అమ్మాయ్, అందరూ దర్వాజల గురించి చెప్పారు, గడప గురించి ఎవరూ మాట్లాడలేదు. కిందింటి గడపకి ఏళ్ల తరబడి పసుపు రాసి ఉంటారు. పండగకి ముందు నూనె కూడా పూసి ఉంటారు. ఆ నూనె చెక్కలోకి దిగిపోయి ఉంటుంది. దాని మీద నేరుగా పేపర్ పెట్టి రుద్దితే నూనె ఇంకా లోపలికి పోతుంది, పైన వేసిన రంగు ఏడాది తిరక్కుండా పొరలా లేచిపోతుంది. మా ఇంట్లో అలాగే లేచింది. ముందు వేడి సబ్బునీళ్లతో కడిగించు, ఆరాక థిన్నర్ గుడ్డతో రెండు మూడుసార్లు తుడిపించు, ప్రతిసారీ కొత్త గుడ్డ. గుడ్డకి పసుపు అంటడం ఆగాకే రుద్దడం.

నన్నడిగితే గడపకి ఎనామెల్ వద్దే వద్దు. అందరూ తొక్కుతూ దాటే చోటది, ఎంత మంచి రంగైనా మధ్యలో అరిగి పోతుంది. పాత రంగు ఉంటే జాగ్రత్తగా తీయించి చెక్కను అలాగే వదిలేసి, పసుపు కుంకుమలు పెట్టుకోండి. శుక్రవారం మాత్రం గడప పని పెట్టుకోకు తల్లీ.

ల్యాబ్_కోటు
అమ్మమ్మగారు చెప్పినట్టు గడప రంగు తీయాలంటే, పాతదైతే పెయింట్ రిమూవర్ జెల్ పూసి మెత్తబరిచి గీకడం మేలు, దుమ్ము లేవదు. గాలి ఆడేచోట, గ్లవ్స్ వేసుకుని చేయాలి. గడప దగ్గరే పిల్లలు కూర్చుని ఆడుకుంటారు కాబట్టి అక్కడ మరీ జాగ్రత్త. ఇంకొకటి, కిటికీ ఊచలకు కాషాయం లాంటి నారింజ రంగు ప్రైమర్ కనిపిస్తే అది రెడ్ లెడ్ అయ్యుండొచ్చు. దాన్ని వైర్ బ్రష్‌తో గీకనివ్వకండి. ఇటుక రంగులో ఉండే రెడ్ ఆక్సైడ్ వేరు, అందులో ఉండేది ఇనుము.

నాచారం_మొదటిసారి
సండే వడ్రంగి అన్నా, నేను మిషన్ కొన్నాను. ఇంట్లో కొత్త తలుపుకి ప్రైమర్ వేసి ఉంది. ఎంత రుద్దితే సరిపోయినట్టో ఎలా తెలుస్తుంది?

సండే_వడ్రంగి
పెన్సిల్‌తో తలుపు నిండా లేతగా అడ్డదిడ్డంగా గీతలు గీయి తమ్ముడూ. మిషన్ పోయిన చోట గీత పోతుంది, పల్లంగా ఉన్న చోట మిగులుతుంది. గీతలు పోగానే ఆపేయి, అక్కడ ఇంకొక్క క్షణం కూడా వద్దు. గీత మిగిలిన పల్లంలో లప్పం పలచగా లాగి, ఆరాక అక్కడ మాత్రమే రుద్ది, ఆ చోటుకి మళ్లీ ప్రైమర్ ముట్టించు.

గదిలో లైటు ఆర్పేసి, ఫోన్ టార్చ్ తలుపుకి ఆనించి పక్క నుంచి వేసి చూడు. ఎదురుగా కనిపించని గీతలన్నీ నీడలు పడి బయటపడతాయి. పేపర్ అతికించేటప్పుడు దాని రంధ్రాలు ప్యాడ్ రంధ్రాలతో కలవాలి, లేకపోతే దుమ్ము సంచిలోకి పోక పేపర్ కిందే నలిగి గీతలు పెడుతుంది. ప్యాడ్‌ను ఎప్పుడూ వాల్చొద్దు. సెకనుకి అంగుళం చొప్పున, నింపాదిగా జరుపు. అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాత టర్పెంటైన్‌లో తడిపి పిండిన గుడ్డతో ఒకసారి తుడువు. మూలల్లో దాక్కున్న పొడి బ్రష్‌కి అంటుకుంటే గ్లాస్ ఎనామెల్ ఇసక చల్లినట్టు అవుతుంది.

తార్నాక_పాతిల్లు
ఆలస్యంగా వస్తున్నందుకు ఏమనుకోకండి. ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. కింది పొరల్లో సీసం ఉంది, ఇప్పటి పరిమితి కన్నా చాలా ఎక్కువ. బాబు రక్తపరీక్షలో భయపడాల్సిందేమీ లేదని డాక్టర్ గారు చెప్పారు. అది విన్నాకే అత్తయ్యగారు, నేను ఊపిరి పీల్చుకున్నాం.

ఇప్పుడు ఇలా చేస్తున్నాం. పై గదుల తలుపులకు మిషన్, 240 పేపర్, తక్కువ స్పీడ్. మావారు చేస్తున్నారు. బీడింగ్ అంతా నేను స్పాంజ్ పేపర్‌తో చేశాను, చెయ్యి పెడితే గాజులా జారుతోంది. కింద ఎక్కడా మిషన్ ముట్టుకోలేదు. మేస్త్రీకి మీ మాటలు చదివి వినిపించాను, ముందు విసుక్కున్నాడు, తర్వాత తనే బకెట్, వాటర్ పేపర్ తెప్పించాడు. నేను మాస్కులు కొనిచ్చాను. కారి గడ్డకట్టిన చారల్ని తడిపి బ్లేడుతో చదును చేశాడు. బండ పక్క కిటికీ రెక్కలు విప్పించి పక్కన పెట్టాం, వాటికి కొత్తవి చేయిస్తున్నాం. పాతవి ఎవరూ పొయ్యిలో పెట్టకుండా ప్లాస్టిక్‌లో చుట్టి ఉంచాను. గడప మీద రంగు జెల్‌తో తీయించాం, కింద టేకు చారలు ఎంత అందంగా ఉన్నాయో!

ఒక్క అనుమానం మిగిలింది. ఎనామెల్ మొదటి కోటు అయింది. రెండో కోటుకి ముందు మళ్లీ రుద్దాలా, ఎంతసేపు ఆగాలి? ఇక్కడ రెండు రోజులుగా ముసురు.

రంగుల_మేస్త్రీ_ఉప్పల్
రుద్దాలి మేడమ్. 320 పేపర్, చేత్తో, మెరుపు చచ్చేంతవరకే. మామూలుగా రాత్రి వేస్తే తెల్లారి రెండో కోటు పడుతుంది, ఈ ముసురులో మాత్రం పూర్తిగా ఒక రోజు దాటనివ్వండి. గోటితో మూలన నొక్కి చూడండి, గుర్తు పడితే ఇంకో పూట ఆగండి. రెండో కోటు అయ్యాక నాలుగైదు రోజులు తలుపులు, కిటికీ రెక్కలు గట్టిగా మూయొద్దు. పైకి ఆరినట్టుంటుంది గానీ ఫ్రేముకి అతుక్కుంటే తీసేటప్పుడు రంగు పెచ్చుతో సహా వస్తుంది. రాత్రిపూట మూయక తప్పకపోతే మధ్యలో పాలిథిన్ కవర్ ముక్క పెట్టండి. కాగితం పెట్టొద్దు, అంటుకుపోతుంది.